సాయంత్రం ఐదింటి ఆకలి: సంగటి, ఊరిబిండి మానకుండా బరువు తగ్గేదానికి నేను చేసుకున్న ఏర్పాట్లు

బరువు తగ్గాలని మొదలుపెట్టినవాళ్ళు ఎక్కువమంది బోల్తా పడేది సాయంత్రం ఐదింటికి. పొద్దున బాగా ఓపికుంటుంది, రెండు ఇడ్లీలతో లేస్తాం, మధ్యాహ్నం కూడా ఎట్లో కట్టుకుంటాం, ఐదయ్యేసరికి ఆఫీసు నుంచి బయటపడి తిరుపతిలో లీలామహల్ సర్కిల్ దగ్గర ఆటో కోసం నిలబడితే బజ్జీల బండి వాసన వస్తుంది చూడండి, ఇంక అక్కడ ప్లానూ లేదు ఏమీ లేదు, ఒక ప్లేటు మిరపకాయ బజ్జీ తినేసి, ఎట్లాగూ తప్పిపోయింది కదా అని ఇంటికొచ్చి డబ్బాలో ఉన్న నిప్పట్లు కూడా లాగిస్తాం. నేను మూడేళ్ళు ఇట్లనే చేశాను. అందుకని ఈ ఐదింటి ఆకలి సంగతి నేను చాలా సీరియస్‌గా తీసుకుంటాను, కింద రాసిందంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

నా సంగతి కొంచెం చెప్తాను, మీకు పోల్చుకునేదానికి పనికొస్తుంది. మాది పాకాల పక్కన పల్లె, పెళ్ళై తిరుపతికొచ్చి పద్దెనిమిదేళ్ళు, వయసు 41, కూర్చుని చేసే ఉద్యోగం. 84 కిలోలు ఉన్నదాన్ని 14 నెలల్లో 71కి వచ్చాను. నెలకి ఒక కిలో కూడా సరిగ్గా పడలేదు లెక్కేస్తే, అయినా అది మళ్ళీ పెరగలేదు, నాకు అదే ముఖ్యం. అంతకు ముందు ఒక చోట డబ్బు కట్టి భోజనం బదులు పొడి కలుపుకుని తాగే ప్లాన్ చేశాను, 20 రోజుల్లో నాలుగు కిలోలు తగ్గాను, పొడి ఆపేసిన రెండు నెలలకి ఐదు పెరిగాను. తర్వాత ఓట్స్, బ్రకోలీ, అవకాడో అని సూపర్‌మార్కెట్ నుంచి తెచ్చుకున్నాను, ఇంట్లో పిల్లలు తినరు, మాయత్త తినదు, నా ఒక్కదానికీ వేరే వంట, పది రోజులకే విసుగొచ్చేసింది. మన వంటింట్లో రోజూ ఉండేదాంతో కుదరకపోతే ఏ ప్లానూ నిలబడదని నాకు అప్పుడు అర్థమైంది.

ముందు కొలత. రోజూ బరువు చూసుకోవద్దు, ముందురోజు ఊరగాయ ఎక్కువ తిన్నా ఒంట్లో నీళ్ళు నిలబడి అరకిలో, కిలో ఎక్కువ చూపిస్తుంది, మనసు పాడైపోతుంది. వారానికి ఒకసారి, అదే రోజు, అదే టైముకి, పొద్దున్నే కడుపు ఖాళీగా ఉన్నప్పుడు. దాంతోపాటు నడుము టేపుతో కొలవండి. మన దేశం వాళ్ళకి ఆడవాళ్ళయితే 80 సెంటీమీటర్లు, మగవాళ్ళయితే 90 దాటితే జాగ్రత్తపడాలని డాక్టర్లు పెట్టుకున్న లెక్క. నాకు మొదట్లో బరువు కదలని వారాల్లో కూడా టేపు ఒక సెంటీమీటరు తగ్గి చూపించేది, ఆ ఒక్క సెంటీమీటరే నన్ను నిలబెట్టింది.

ఇంక నూనె. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను ఎందుకంటే నాకు ఎక్కువ తేడా కనిపించింది ఇక్కడే. పిండిపదార్థమైనా, ప్రొటీనైనా గ్రాముకి 4 క్యాలరీలు, కొవ్వు గ్రాముకి 9. అంటే ఒక లీటరు నూనెలో ఎనిమిది వేల క్యాలరీల పైనే ఉంటాయి. మా ఇంట్లో నెలకి నాలుగు లీటర్లు అయిపోయేది, అదీ పండగ పిండివంటలు లెక్కలో లేకుండా. నూనె క్యాను పట్టుకుని బాణలిలోకి వంచే అలవాటు మానేసి, స్టీలు డబ్బాలో పోసి, అందులో టీ స్పూను ఒకటి వేసి పెట్టాను. ఒక టీ స్పూనుకి 40 నుంచి 45 క్యాలరీలు. నలుగురికి చేసే కూరకి మూడు స్పూన్లు, పప్పుకి, చారుకి తిరగబాత ఒక్క స్పూను. స్పూను నూనెతో తిరగబాత ఎట్లా అంటారేమో, పెద్ద బాణలి పెడితే నిజంగానే కుదరదు, నూనె అంతా పరుచుకుపోయి ఆవాలు చిటపటలాడకుండానే మాడిపోతాయి, చిన్న ఇనప గంటె పొయ్యి మీద పెట్టి కొంచెం వంచి పట్టుకుంటే ఆ స్పూను నూనె ఒక పక్కకి చేరి ఆవాలు, జీలకర్ర, ఎండుమిరపకాయ, తెల్లగడ్డ అన్నీ అందులోనే వేగిపోతాయి. ఎర్రగడ్డలు వేయించేటప్పుడు ఉప్పు ముందే వేసి మూత పెట్టండి, వాటి నీళ్ళతోనే మగ్గుతాయి, అడుగంటుతుంటే నూనె పోయకుండా రెండు చుక్కలు నీళ్ళు చిలకరించండి. ఇప్పుడు మాకు నెలకి రెండు లీటర్ల పైన కొంచెం అవుతుంది, కూర రుచి తగ్గిందని ఇంట్లో ఎవరూ అనలేదు, మొదటి వారం మా ఆయన మాత్రం వంకాయ కూరలో ఏదో తగ్గింది అన్నాడు, ధనియాల పొడి ఇంకొంచెం వేశాను, సరిపోయింది.

సంగటి గురించి చాలామంది అడుగుతా ఉంటారు, అక్కా రాగిసంగటి తింటే బరువు తగ్గుతారంట కదా అని. ఉన్నదున్నట్టు చెప్పాలంటే రాగిపిండి 100 గ్రాముల్లో 320 క్యాలరీలు ఉంటాయి, బియ్యంలో 350, పెద్ద తేడా ఏం లేదు. తేడా పీచులో ఉంది, రాగుల్లో 100 గ్రాములకి 11 గ్రాముల దాకా పీచు, కాల్షియం 340 మిల్లీగ్రాముల పైనే, తెల్లబియ్యంలో కాల్షియం లేదన్నట్టే లెక్క. ఆ పీచు వల్ల కడుపు ఎక్కువసేపు నిండుగా ఉంటుంది, మధ్యాహ్నం ఒంటిగంటకి సంగటి తింటే నాలుగున్నర దాకా బిస్కెట్టు గుర్తుకురాదు. కానీ మా నాయన పొలం దున్ని వచ్చి తిన్నంత ముద్ద మనం కుర్చీలో కూర్చుని తింటే బరువు పెరుగుతాం, తగ్గం.

నేను చేసే కొలత ఇది. మాయమ్మ బియ్యం ఒక గ్లాసు, పిండి ఒక గ్లాసు వేసేది, నేను బియ్యం అరగ్లాసు చేశాను. అరగ్లాసు బియ్యం అరగంట నానబెట్టి, మూడున్నర గ్లాసుల నీళ్ళు, ఉప్పు వేసి మెత్తగా గంజిలాగ ఉడికేదాకా ఉంచాలి, మెతుకు వేళ్ళతో నలిపితే నలిగిపోవాల. అప్పుడు మంట బాగా తగ్గించి ఒక గ్లాసు రాగిపిండి, అంటే 150 గ్రాములు, మధ్యలో కుప్పగా పోసి కదపకుండా మూత పెట్టేయండి. ఇక్కడే కొత్తవాళ్ళు కంగారుపడి కలిపేస్తారు, కలిపితే ఉండలు కట్టేది ఖాయం. కుప్ప మధ్యలో తెడ్డు కాడతో ఒక బొక్క పెడితే అందులోంచి గంజి పైకి ఉబికి పిండి కిందినుంచి పైదాకా ఆవిరికి ఉడుకుతుంది. ఎనిమిది పది నిమిషాలకి పిండి రంగు మారి ముదురు కాఫీ రంగుకొస్తుంది, పచ్చివాసన పోతుంది, అప్పుడు గిన్నె దించి, కాళ్ళ మధ్య గుడ్డతో పట్టుకుని తెడ్డుతో గట్టిగా కలపాల, ఉండలు కనిపిస్తే గిన్నె అంచుకేసి నలపాల. చేతులు తడి చేసుకుని నాలుగు ముద్దలు చేస్తే ఒక్కోటి బత్తాయి కాయంత వస్తుంది, ఒక్కోటి సుమారు 190, 200 క్యాలరీలు. మధ్యాహ్నానికి ఒక ముద్ద నాకు, ఇంకొంచెం ఆకలైతే రెండో ముద్ద కాదు, రెండో గరిటె కూర.

సంగటికి కూర ఏది పెడతాం అనేదాన్ని బట్టే అంతా. పులగూర అన్నిటికంటే మేలు, నాలుగైదు రకాల ఆకులు, టమాట, పచ్చిమిరపకాయలు, చింతపండు వేసి ఉడికించి పప్పుగుత్తితో ఎనిపి, చిన్న తిరగబాత, దీన్ని గిన్నెడు తిన్నా ఏం కాదు. పప్పు, ఆకుకూర పప్పు కూడా మంచిదే. నాటుకోడి పులుసు ఆదివారం చేసుకోండి, మానాల్సిన పని లేదు, ముక్కలు నాలుగు తినండి, పైన తేలే నూనె వేసుకోవద్దు, చర్మం తీసేయించండి. ఊరిబిండి, అంటే చెనిగింజల (వేరుశెనగల) పచ్చడి, దాని దగ్గర మాత్రం నాకు ఇబ్బంది వచ్చింది. చెనిగింజలు 100 గ్రాములంటే 567 క్యాలరీలు, రోట్లో దంచిన ఊరిబిండి వాసనకి మనం ముద్దకి రెండు గరిటెలు ఎత్తేస్తాం. మానేయాలనిపించలేదు, అది మానితే ఇంక సంగటి ఎందుకు? చెనిగింజలు సగం చేసి, ఆ సగానికి కాల్చిన వంకాయో, మగ్గబెట్టిన టమాటో, బీరకాయ తొక్కో కలిపి దంచుతున్నాను, తెల్లగడ్డ రెండు రెబ్బలు ఎక్కువ వేసి. పోనుపోను మా ఇంట్లో మామూలు ఊరిబిండి కంటే ఈ కాల్చిన వంకాయదే ఎక్కువ అడుగుతున్నారు.

పళ్ళెం లెక్క చాలా తేలిక. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు చెప్పే పళ్ళెంలో సగం కూరగాయలు, పండ్లే ఉంటాయి, మిగతా సగంలో అన్నమో రొట్టో, పప్పు, గుడ్డు, మాంసం, పాలు అన్నీ సర్దుకోవాల. మన పళ్ళేల్లో అన్నం కొండలాగ ఉండి కూర పక్కన బొట్టులాగ ఉంటుంది. తిరగేయండి, ముందు కూర వడ్డించుకోండి, తర్వాతే అన్నం. ముందు అన్నం పెట్టుకుంటే దాని సైజుని బట్టి మిగతావి వేసుకుంటాం, ఎప్పుడూ ఎక్కువే అవుతుంది.

పొద్దున టిఫిన్‌కి పెద్ద కష్టం లేదు. ఇడ్లీ మంచిదే, మూడు ఇడ్లీలకి సొరకాయ, మునక్కాయ, క్యారెట్ వేసిన సాంబారు గిన్నెడు, చట్నీ రెండు స్పూన్లు. అలసందలు రాత్రి నానబెట్టి పొద్దున పచ్చిమిరపకాయ, అల్లంతో రుబ్బి దోశ పోసుకుంటే మినప్పప్పు, బియ్యం దోశకంటే ఎక్కువసేపు నిలబడుతుంది, పెనం బాగా పాతబడ్డదైతే అర స్పూను నూనె చాలు. ఉగ్గాని చేసుకునేవాళ్ళు బొరుగులు తడిపి పిండినాక ఎర్రగడ్డ, టమాట బొరుగులకి సమానంగా వేయండి, పక్కన బజ్జీ బదులు ఉడికించిన గుడ్డు పెట్టుకోండి, గుడ్డుకి 70 క్యాలరీల పైన కొంచెం, 6 గ్రాముల ప్రొటీన్. ఎర్రకారం దోశ నాకు ప్రాణం, వారానికి ఒక్కసారి, ఆదివారం, ఒకటే, వెన్న లేకుండా. నెయ్యి కారుతా ఉండే పొంగలి మాత్రం గుడికి పోయినప్పుడు ప్రసాదంగానే.

ఇప్పుడు అసలు విషయం, సాయంత్రం.

ఐదున్నరకి ఆకలేస్తుంది కాబట్టి ఐదున్నరకి తినాలనుకుంటే అప్పటికే చెయ్యి దాటిపోతుంది. నాలుగూ నాలుగున్నర మధ్య, ఆకలి సరిగ్గా మొదలుకాకముందే తినేయాల, దానికోసం పొద్దున టిఫిన్ బాక్సు కట్టుకునేటప్పుడే రెండో చిన్న డబ్బా కూడా కట్టుకోవాల. ఈ రెండో డబ్బా లేని రోజు నేను బజ్జీల బండి దాటిపోగలనని నా మీద నాకే నమ్మకం లేదు. డబ్బా ఉన్న రోజు నూటికి తొంభైసార్లు దాటిపోతాను, కడుపులో గుగ్గిళ్ళు ఉంటే ఆ వాసన కూడా అంత లాగదు.

డబ్బాలోకి ఏమేమి అంటే, మా ఇంట్లో ఆదివారం రాత్రి ఉలవలు ఒక గ్లాసు, అలసందలు ఒక గ్లాసు వేర్వేరుగా నానేస్తాను. సోమవారం పొద్దున కుక్కర్‌లో ఉప్పు వేసి ఉడికించి, నీళ్ళు వంచేసి, ఆరినాక మూత ఉన్న డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెడితే బుధవారం దాకా బాగుంటాయి, బుధవారం రాత్రి మళ్ళీ నానేయడం, ఈసారి శెనగలో పెసలో. ఏ రోజుకి ఆ రోజు గుప్పెడున్నర గుగ్గిళ్ళు తీసి పచ్చి ఎర్రగడ్డ, కొత్తిమీర, నిమ్మకాయ పిండుకుని డబ్బాలో పెట్టుకుంటాను. టెంకాయ తురుము వేయాలనిపిస్తే ఒక్క స్పూను. ఉలవల్లో ప్రొటీన్ బాగా ఉంటుంది, ఎండు ఉలవలు 100 గ్రాములకి 20 గ్రాముల పైమాటే, అందుకే గుప్పెడు తిన్నా రాత్రి ఎనిమిది దాకా ఆగుతుంది. కొంతమందికి ఉలవలు వేడి చేస్తాయి, కడుపు ఉబ్బరిస్తుంది, వాళ్ళు పెసలతో మొదలుపెట్టండి, నానిన నీళ్ళు పారబోసి కొత్త నీళ్ళతో ఉడికించండి.

చెనక్కాయల కాలం వచ్చిందంటే పచ్చి చెనక్కాయలు ఉప్పు నీళ్ళలో ఉడికించుకోండి. ఉడికించిన గింజలు 100 గ్రాములకి 320 క్యాలరీల దాకా, వేయించినవైతే 570 పైన, గింజ అదే, నీళ్ళు పట్టి ఉబ్బుతుంది కాబట్టి తక్కువ గింజలకే కడుపు నిండుతుంది. పైగా ఒక్కో కాయ ఒలుచుకుని తినాల, గుప్పెడు తీసి నోట్లో వేసుకునేదానికి లేదు, చెయ్యి నెమ్మదైతే నోరు కూడా నెమ్మదవుతుంది. వేయించినవి తినాలంటే 30 గ్రాములు తూకం వేసి చిన్న డబ్బాలో వేసుకోండి, 170 క్యాలరీలు, డబ్బా పెద్దదైతే అంతా తినేస్తాం.

బొరుగులు ఎంత తేలికో మనకి తెలియదు, ఒక కప్పుకి 60 క్యాలరీలు కూడా ఉండవు. రెండు కప్పుల బొరుగులు, టమాట, ఎర్రగడ్డ, మామిడికాయ ముక్కలు, కారం, ఉప్పు, ఒక స్పూను పుట్నాలపప్పు, నూనె చుక్క కూడా లేకుండా కలిపితే పెద్ద గిన్నె నిండా వస్తుంది, పిల్లలతో కలిసి తినొచ్చు. మిక్చరు కలపకండి, అది కలిపితే లెక్క మారిపోతుంది. ఎండాకాలం అంబలి పల్చగా మజ్జిగతో, చిన్న ఎర్రగడ్డ కొరుక్కుంటా. గంగమ్మ జాతరకి మనం పెట్టే అంబలే, దాన్ని ఏడాదిలో ఒక్క వారమే ఎందుకు తాగాల? జామకాయ, దోసకాయ, గెణుసుగడ్డ ఉడికించింది ఒక ముక్క, ఇవన్నీ పనికొస్తాయి. బండి మీద అమ్మే తోతాపురి మామిడికాయ ముక్కలు ఉప్పూకారంతో తినండి, హాయిగా.

చలికాలంలో అనపకాయలు (చిక్కుడు జాతి కాయలు) వస్తాయి కదా, ఆ రెండు నెలలు నాకు బరువు తగ్గేదానికి అన్నిటికంటే మంచి కాలం, ఎందుకో చెప్తాను. పితికిపప్పు చేయాలంటే గింజలు రాత్రి నానేసి మర్నాడు ఒక్కొక్కటి పితకాల. గింజని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని తల దగ్గర నొక్కితే లేతాకుపచ్చ పప్పు టక్కున జారి గిన్నెలో పడుతుంది, తోలు మాత్రం వేళ్ళ మధ్య ఉండిపోతుంది, కాసేపటికి వేళ్ళు నాని ముడతలు పడి ఆ పచ్చి వాసన చేతికి అంటుకుంటుంది. అరకిలో పితికేదానికి మాయత్తకీ నాకూ కలిపి ముప్పావుగంట పట్టింది, సాయంత్రం ఐదున్నర నుంచి ఆరుంపావు. "ఏమ్మే, ఈ పొద్దు టీకి ఏమీ అడగలేదే" అనింది మాయత్త, అప్పుడు చూసుకుంటే నిజమే, రెండు చేతులూ తడి, పని మీద ధ్యాస, ఆకలి వచ్చి పోయింది కూడా తెలియలేదు. అప్పటి నుంచి ఐదింటికి చేతులకి పని ఉండేట్టు చూసుకుంటున్నాను, అనపకాయలు లేని కాలంలో రేపటికి ఆకుకూర గిల్లుకుంటా, చిక్కుడుకాయలు తుంచుకుంటా కూర్చుంటాను. పితికిపప్పుకి టమాట, తెల్లగడ్డ, ధనియాలు, కొంచెం టెంకాయ రుబ్బి పులుసు పెడితే రెండు స్పూన్ల నూనె చాలు, సంగటిలోకి దాన్ని మించింది లేదు.

కాఫీ, టీల్లో చక్కెర గురించి చెప్పకపోతే ఇదంతా రాసీ లాభం లేదు. రోజుకి మూడు కాఫీలు, ఒక్కోదాంట్లో రెండు స్పూన్లు అంటే ఆరు స్పూన్లు, 25 నుంచి 30 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన దాని ప్రకారం రోజంతా పైనుంచి కలిపే చక్కెర 25 గ్రాముల లోపు ఉంటే మంచిది, మనకి కాఫీల్లోనే అయిపోతుంది. మనది బెల్లం వండే ప్రాంతం కాబట్టి అందరూ చక్కెర మానేసి బెల్లం వేసుకుంటున్నా అంటారు, బరువు విషయంలో బెల్లానికీ చక్కెరకీ తేడా లేదన్నట్టే, గ్రాముకి రెండూ దగ్గర దగ్గర 4 క్యాలరీలే. నేను వారానికి పావు స్పూను చొప్పున తగ్గించాను, నెలన్నరలో అర స్పూనుకి వచ్చాను, ఒక్కసారిగా మానేసిన వాళ్ళు నాకు తెలిసి మళ్ళీ మొదలుపెట్టారు. రాగిమాల్ట్ తాగేవాళ్ళు కూడా బెల్లం వేసింది కాకుండా మజ్జిగది తాగండి.

మామిడిపండ్ల కాలం వస్తే చిత్తూరు, తిరుపతి పక్కల ఉండి తినకుండా ఉండమని నేను చెప్పను. పండు 100 గ్రాములకి 60 క్యాలరీలు, ఒక మోస్తరు బేనీషా పండు తొక్క, టెంక తీస్తే 250 గ్రాములనుకోండి, 150 క్యాలరీలు, ఒక గుప్పెడు వేయించిన చెనిగింజలకంటే తక్కువే. తప్పు యాడ జరుగుతుందంటే భోజనమయ్యాక పైనుంచి పండు తినడం, పెరుగన్నంలో కలుపుకోవడం, పాలు చక్కెర వేసి జ్యూసు చేయడం. నాలుగింటి డబ్బాలో గుగ్గిళ్ళ బదులు ఒక పండు కోసుకుని తినండి, అంతే. షుగరు ఉన్నవాళ్ళు డాక్టరుని అడిగి ఎంత తినొచ్చో తెలుసుకోండి.

తిరుపతిలో ఉన్నవాళ్ళకి లడ్డూ ఒక పెద్ద ప్రశ్న, బంధువులు కొండకి వస్తారు, మన ఇంట్లో దిగుతారు, పోతా పోతా లడ్డూలు ఇచ్చిపోతారు. మామూలు లడ్డూనే 175 గ్రాముల దాకా ఉంటుంది, శెనగపిండి, చక్కెర, నెయ్యి, జీడిపప్పు, కలకండ. ప్రసాదాన్ని వద్దనకూడదు, నేను అననూ అనను, కళ్ళకద్దుకుని చిటికెడు నోట్లో వేసుకుంటాను, మిగతాది అదే రోజు పక్కింటివాళ్ళకి, ఆఫీసులో వాళ్ళకి పంచేస్తాను. డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో దాస్తే మాత్రం రాత్రి పదింటికి తీసి తింటాం. పంచిపెట్టేదే ప్రసాదం కాబట్టి ఎవరూ ఏమీ అనుకోరు. సంక్రాంతికి ఇంట్లో అత్తిరసాలు, మురుకులు చేసినా ఇదే పద్ధతి, ఆ మూడు రోజులు తింటాను, కనుమ మర్నాడు డబ్బాలు ఖాళీ చేసి ఇచ్చేస్తాను.

పెళ్ళి భోజనాలకి పోయే ముందు గ్లాసు మజ్జిగ తాగి, నాలుగింటి డబ్బా తినే పోండి. ఆకుల్లో వడ్డిస్తే సరే, బఫేలో అయితే ఒక చుట్టు ఖాళీ చేతులతో తిరిగి ఏమున్నాయో చూసి, మూడు మాత్రం ఎంచుకోండి.

నడక గురించి తక్కువే చెప్తాను, నేను రోజూ యూనివర్సిటీ గ్రౌండులో 40 నిమిషాలు నడుస్తాను. నెలకొకసారి కొండెక్కుతాను, శ్రీవారి మెట్టు వైపు 2388 మెట్లు, అలిపిరి వైపు 3550. మొదటిసారి 84 కిలోలతో అలిపిరి ఎక్కినప్పుడు గాలిగోపురం దగ్గర కూర్చుండిపోయాను, మోకాళ్ళు వారం రోజులు నొప్పులు. బరువు ఎక్కువున్నవాళ్ళు ముందు శ్రీవారి మెట్టుతో మొదలుపెట్టండి, దిగేటప్పుడు మెట్లు దిగకుండా బస్సులో రండి, దిగేటప్పుడే మోకాళ్ళకి దెబ్బ ఎక్కువ. ఎక్కినామని పైన పూరీలు తింటే నడిచిందంతా పోతుంది, డబ్బాలో గుగ్గిళ్ళు, రెండు అరటిపండ్లు పెట్టుకునే పోండి.

ఒక జాగ్రత్త, ఇది మాత్రం తేలిగ్గా తీసుకోకండి. షుగరుకి మాత్రలో ఇన్సులినో వాడేవాళ్ళు తిండి ఒక్కసారిగా తగ్గిస్తే షుగరు బాగా పడిపోయి కళ్ళు తిరిగి పడిపోవచ్చు, మొదలుపెట్టే ముందే డాక్టరుకి చెప్పి మందు సరిచేయించుకోవాల. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఈ లెక్కలు పాటించొద్దు. థైరాయిడ్ ఉన్నవాళ్ళు పరీక్ష చేయించుకుని మాత్ర సరిగ్గా వేసుకుంటున్నారో లేదో ముందు చూసుకోండి, మా వదినకి ఆరు నెలలు ఏం చేసినా కదల్లేదు, పరీక్ష చేస్తే మాత్ర డోసు చాలలేదని తేలింది. వారానికి అరకిలో తగ్గితే చాలా మంచి లెక్క, కిలో దాటి తగ్గుతుంటే కండ కూడా కరుగుతుంది, జుట్టు రాలుతుంది.

నాలుగో నెలలోనో ఐదో నెలలోనో బరువు అక్కడే నిలబడిపోతుంది, చాలామందికి అవుతుంది. నాకు 76 దగ్గర ఏడు వారాలు ఆగిపోయింది. భయపడి ఇంకా తక్కువ తినడం మొదలుపెట్టకండి, ఒక వారం ఒక నోటుపుస్తకంలో నోట్లో పెట్టినదంతా రాయండి, పిల్లల పళ్ళెంలో మిగిలిన దోశ ముక్కతో సహా. నేను రాస్తే రెండు దొరికాయి, నూనె స్పూను మళ్ళీ గుండ్రంగా పొంగేట్టు పోస్తున్నాను, పిల్లోడు వదిలేసిన పెరుగన్నం పారేయలేక రోజూ నేనే తింటున్నాను. ఆ పెరుగన్నం వాడికే తక్కువ పెట్టడం మొదలుపెట్టాను, మూడో వారానికి ముల్లు కదిలింది.

చివరగా ఉలవలు ఉడికించిన నీళ్ళు పారబోసేవాళ్ళకి ఒక మాట. నానబెట్టిన నీళ్ళు పారబోయండి, ఉడికించిన ఎర్రటి కట్టు మాత్రం దాచుకోండి. రెండు గ్లాసుల కట్టుకి నిమ్మకాయంత చింతపండు పులుసు, ఒక ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయ, గుప్పెడు ఉడికిన ఉలవలు మెత్తగా రుబ్బి కలిపి, చిన్న మంట మీద ఇరవై నిమిషాలు మరిగించి, స్పూను నూనెలో ఆవాలు, జీలకర్ర, నాలుగు తెల్లగడ్డ రెబ్బలు, కరివేపాకు తిరగబాత పెట్టండి. సోమవారం రాత్రి మా ఇంట్లో ఇదే చారు, ఒక గరిటె అన్నం, గిన్నెడు చారు, పక్కన బీన్స్ వేపుడు. చల్లారేకొద్దీ చిక్కబడుతుంది, మర్నాటికి ఇంకా బాగుంటుంది, కాబట్టి కొంచెం ఎక్కువే పెట్టుకోండి.